గవాచి మూసి వంటిల్లు పెంచుకుంటే: మూడేళ్ల తర్వాత

కర్నూలు పాతబస్తీలోని మా చౌడుమిద్దెలో, అంటే దూలాల మీద చౌడుమట్టి పోసి కప్పిన ఇంట్లో, వంటింటినీ పక్కనున్న సామాన్ల గదినీ ఒకటి చేసి మూడేళ్లు దాటింది. పని అయిన కొత్తల్లో ఎవరడిగినా "కళ్లు మూసుకుని చేయించుకోండి" అనేదాన్ని. ఇప్పుడు అంత ధాటిగా చెప్పలేను.

గోడ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. అడుగున్నర మందం రాతిగోడ, మట్టి అడుసుతో కట్టింది, దూలాల కొనలు దాని మీదే ఆనేవి. పైగా 2009 అక్టోబరు వరదలో నానిన గోడ. అందుకే మేస్త్రీ మొత్తం తీయనన్నాడు. దూలాల కింద సర్వి బాదులు (సరుగుడు కొయ్యలు) నిలబెట్టి, రెండు పక్కలా కొంత గోడ ఉంచి, నడుమ ఇనుప గడ్డర్లు వేశాడు. ఇంతవరకూ ఒక్క పగులు రాలేదు. గోడ ఉన్నచోట పరిచిన బేతంచర్ల బండలు మాత్రం పాతవాటి రంగుతో కలవలేదు. మా అత్త ఇప్పటికీ ఆ పట్టీ దగ్గరికి రాగానే గడప దాటినట్టు కాలెత్తి అడుగేస్తుంది.

నా కడుపుమంటంతా గవాచి గురించి, అంటే వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ మిద్దె కప్పులో వదిలే కంత గురించి. పాత పొయ్యికి సరిగ్గా పైన జానెడున్నర గవాచి ఉండేది. వానొస్తే మిద్దెక్కి బండ కప్పేవాళ్లం. "ఎట్లాగూ చౌడు కొత్తగా పోస్తున్నాం, ఇది కూడా మూసేస్తే కారే బాధ ఉండదమ్మా" అన్నాడు మేస్త్రీ. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తున్నాం కదా అని నేనూ తలూపాను.

ఆ ఎండాకాలమే తెలిసొచ్చింది. తిరగవాతలో ఎండుమిరపకాయ పడితే చాలు, ఘాటు కప్పు కింది దంతెల (దూలాల మీది సన్న కొయ్యల) మధ్య చేరి కదిలేది కాదు. ఫ్యాను ఎక్కడో మూల కిటికీ ఎత్తులో తిరుగుతుండేది. నాలుగో జొన్నరొట్టె పెనం మీద వేసేసరికి చెమట కళ్లలోకి కారేది. మరుసటి మే నెలలో కారప్పొడికి మిరపకాయలు వేయిస్తుంటే కరెంటు పోయింది. పడసాలలో కూర్చున్న చుట్టాలు దగ్గుతూ వీధిలోకి పరుగెత్తారు. అత్త పైకి చూసి, "పొగకు దావ మూసేసి ఇల్లు పెద్దది చేసుకున్యారు" అంది. మారు మాట్లాడలేకపోయాను.

ఆ వారమే చౌడు తవ్వించి బండ లేపించాం. గిన్నెలన్నిటి మీదా మట్టి రాలింది, ఆ రోజు వంట లేదు. కానీ పదకొండు గంటలకు పొయ్యి పక్కన బండ మీద పలకంత ఎండముక్క వచ్చి కూర్చుంది. తిరగవాత పెడితే పొగ ఆ వెలుగులో మెలికలు తిరుగుతూ పైకి పోవడం కంటికి కనిపించింది. పిల్లలు అన్నం మానేసి చూశారు.

ఇప్పుడు గవాచి చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు కట్ట, దాని మీద కాళ్లున్న ఇనుప చట్రంలో అద్దం ఉన్నాయి. నిలువు వానకు చుక్క పడదు. ఈదురుగాలి వాన అయితే కింద మూకుడు పెట్టాల్సిందే. పిల్లి దూరుతోందని వేసిన జాలీకి నూనెజిడ్డు పడుతుంది, నెలకోసారి నిచ్చెన ఎక్కి కడగాలి. మోకాళ్ల నొప్పులున్న ఇంట్లో ఇది తేలికేమీ కాదు.

మాది ఒంటి మిద్దె కాబట్టి సరిపోయింది. పైన ఇంకో అంతస్తు వేయాలన్న ఆలోచన ఉన్నవాళ్లకు ఇది కుదరదు. మా మరిదికి ఆ ఆలోచన ఉంది. ఆ మాట ఎత్తినప్పుడల్లా ముందు అన్నం తినమని ఆ ఎండముక్క పక్కనే పీట వేస్తున్నాను.