అడిస్ అబాబాలో బెర్బెరె కొనేవారికి

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో విదేశీయుల కోసం అద్దాల అరల్లో పేర్చి అమ్మే బెర్బెరెను, అంటే అక్కడి మసాలా కారం పొడిని, దయచేసి ఎవరూ కొనవద్దు. మా హోటల్‌ను ఆనుకొని ఉన్న కానుకల దుకాణంలో పావుకిలో పొట్లానికి 700 బిర్లు (బిర్ అక్కడి కరెన్సీ) పుచ్చుకున్నారు. విప్పి చూస్తే ఎర్రటి రంగే తప్ప వాసన లేని వట్టి మిరప్పొడి. వెనక్కి తీసుకోమంటే, పొట్లం విప్పాక తమకు సంబంధం లేదని దుకాణదారుడు దబాయించాడు. మా శ్రీమతి ఆ పూటంతా ముక్తసరిగానే మాట్లాడింది.



మరునాడు బుధవారం. ఈస్టర్ తరువాతి యాభై రోజులు మినహా, అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న ముట్టరు కనుక శాకాహారులు ఆ రోజుల్లో నిశ్చింతగా తినవచ్చు. ఒక చిన్న భోజనశాలలో 280 బిర్లకు ఉపవాసపు బెయాయ్‌నెతు, అంటే రకరకాల కూరలు ఒకే పళ్లెంలో వడ్డించే భోజనం, తెప్పించుకున్నాం. పులిసిన పిండితో పోసే మెత్తటి అట్టు ఇంజెరా మీద, పప్పుల పిండితో చేసే కూర షిరో, ఆకుకూర, క్యాబేజీ, నడుమ ఎర్ర మసూరుపప్పుతో చేసిన మిసిర్ వొత్ వడ్డించారు. సన్నగా తరిగిన ఉల్లిపాయలను ముందు నూనె లేకుండానే సన్నని సెగమీద మగ్గించి, ఆ తరువాత నూనె, బెర్బెరె వేసి ఓపికగా వేయించడం వల్ల కారం గొంతు పట్టుకోకుండా నాలుక మీద నిదానంగా పరుచుకుంటుంది. రెండో ముద్దకే మా శ్రీమతి ముఖం విప్పారింది. నేరుగా వంటగదిలోకి వెళ్లి, ఆ పొడి ఎక్కడ కొన్నారో వంటామెను అడిగి వచ్చింది.

వంటామె చెప్పినట్టే నగరంలోని పెద్ద బజారు మెర్కాతోలో మిరపకాయల అంగళ్లకు వెళ్లాం. అక్కడ కిలో 850 బిర్లు, అంటే హోటల్ పక్కవాడు పుచ్చుకున్నదానిలో మూడోవంతు కన్నా తక్కువ! అమ్మే ఆవిడ చిటికెడు నా అరచేతిలో వేసి, ఇథియోపియా ఏలక్కాయ అయిన గోధుమరంగు కొరరిమా కాయ ఒకదాన్ని పగలగొట్టి గింజలు పక్కన పెట్టింది. పొడిలోనూ అదే ఏలకుల వాసన గుప్పుమంది. ఎండుమిరపతో వెల్లుల్లి, అల్లం, తులసి జాతికి చెందిన బెసోబెలా కలిపి దంచి ఎండబెట్టి, వేయించిన వాము, మెంతులు, నల్లజీలకర్ర, కొరరిమా చేర్చి మర పట్టిస్తారట. వెల్లుల్లి, మెంతుల వల్ల మన కూరకారానికి దూరపు చుట్టంలా తోచింది.

ఇంగ్లీషు అన్నిచోట్లా సాగదు, జేబుదొంగల బెడద కూడా ఉంది కనుక మెర్కాతోకు స్థానికులెవరినైనా వెంటబెట్టుకొని వెళ్లాలి. మాకు తోడు వచ్చిన కుర్రవాడికి 500 బిర్లు ఇచ్చాం, దండగ కాలేదు. వాసన చూడనివ్వని అంగడిలో కొనవద్దు. పక్కనే అమ్మే నారింజరంగు మిత్‌మితా చిన్న మిరపకాయలు, కొరరిమా, ఉప్పు కలిపిన ఘాటైన పొడి. పచ్చిమాంసపు కిత్‌ఫో తినేవారికి తప్ప దాని అవసరం పెద్దగా రాదు, వంద గ్రాములు చాలు.