కంటకచర్మ జీవుల నమూనాల పెట్టె: ఎండువి కొనవచ్చు, సీసాలు వద్దు

ప్రయోగశాలలకు నమూనాలు సరఫరా చేసే ఒక సంస్థ నుంచి మా జంతుశాస్త్ర విభాగం కంటకచర్మ జీవుల (సముద్ర నక్షత్రాలు, అర్చిన్లు వంటి ముళ్ళ చర్మపు సముద్ర జీవుల) పెట్టెను తెప్పించింది. కావలి, ఒంగోలు ప్రాంతాల కళాశాలల్లో పనిచేసే మిత్రులు దీన్ని కొనవచ్చునా అని అడుగుతున్నారు కనుక, ఒక విద్యాసంవత్సరం పాటు తరగతిలో వాడిన మీదట నా అభిప్రాయాన్ని రాస్తున్నాను. వెల దాదాపు 6,000 రూపాయలు. పెట్టెలో మూడు ఎండు నమూనాలు, ద్రవంలో ఉంచిన మూడు సీసాలు, ఒక గోడపటం ఉన్నాయి.

ఎండు నమూనాలు చాలా బాగున్నాయి. ఆస్ట్రోపెక్టెన్ జాతి సముద్ర నక్షత్రం ఐదు చేతులూ విరగకుండా వచ్చింది; చేతుల అంచున వరుసగా అమరిన ఫలకాలు, వాటి మీది ముళ్ళు, అడుగున నోటి నుంచి ప్రతి చేతి కొస దాకా సాగే గాడి మామూలు కంటికే కనిపిస్తాయి. నీటిని లోపలికి తీసుకునే జల్లెడ ఫలకాన్ని మాత్రం పై తలంలో భూతద్దంతో వెతకాలి. విద్యార్థులు దాన్ని తామే కనుక్కున్నప్పుడు జలప్రసరణ వ్యవస్థ (ఒంట్లో నీరు ప్రవహించే గొట్టాల అమరిక) పాఠం సగం చెప్పినట్లే అవుతుంది. సముద్రపు అర్చిన్ గుల్లలో ఐదు పళ్ళున్న దవడ యంత్రాంగం చెక్కుచెదరకుండా ఉండటం మరీ సంతోషం కలిగించింది, ఎందుకంటే మన తీరంలో ఇసుక మీద దొరికే గుల్లల్లో ఆ భాగం సాధారణంగా ఊడిపోయి ఉంటుంది. శాండ్ డాలర్ (బిళ్ళలా చదునుగా ఉండే అర్చిన్) గురించి ప్రత్యేకంగా చెప్పవలసినదేమీ లేదు.

గోడపటంలో ఒక తప్పు ఉంది, అది చిన్నది కాదు. సముద్ర నక్షత్రాలన్నీ నాళికాపాదాల (చేతుల అడుగున ఉండే సన్నని గొట్టాల వంటి కాళ్ళ) చివర ఉండే చూషకాలతో, అంటే పట్టుకునే బిరడాలతో, ఆల్చిప్పను పట్టి తెరిచి, జీర్ణాశయాన్ని బయటికి చాచి తింటాయని అందులో రాశారు. ఆస్టీరియాస్ వంటి నక్షత్రాల విషయంలో అది నిజం. కానీ అదే పెట్టెలో పంపిన ఆస్ట్రోపెక్టెన్‌కు చూషకాలు లేవు. దాని నాళికాపాదాలు మొనదేలి, ఇసుకలో కూరుకుపోవడానికి అనువుగా ఉంటాయి, అది చిన్న చిన్న నత్తలనూ ఆల్చిప్పలనూ గుల్లతో సహా మింగేస్తుంది. చేతిలో ఉన్న జీవి ఒకటి చెబుతుంటే గోడ మీది పటం మరొకటి చెబితే విద్యార్థి దేన్ని నమ్మాలి? నేను పటంలో ఆ వాక్యాన్ని కాగితం అతికించి సరిదిద్దాను.

అసలు లోపం సీసాల దగ్గర ఉంది. పెళుసు నక్షత్రాన్ని (బ్రిటిల్ స్టార్, సన్నని చేతులు తేలిగ్గా విరిగే జీవి) ఫార్మలిన్‌లో పెట్టి పంపారు. కాలం గడిచేకొద్దీ ఫార్మలిన్ ఆమ్లగుణం పొందుతుంది, ఆ ఆమ్లం ఈ జీవుల సున్నపు అస్థి ఫలకాలను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అందుకే కంటకచర్మ జీవులను 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచడం పద్ధతి. మాకు వచ్చిన సీసాలో బిళ్ళ (ఒంటి నడిమి భాగం) ఒకచోట, చేతుల ముక్కలు అడుగున ఒకచోట పడి ఉన్నాయి. ఈ జీవి బెదిరితే బతికుండగానే చేతులను విడిచేస్తుంది కనుక, ముందుగా సముద్రపు నీటిలో ఎప్సమ్ ఉప్పు కలిపి దాన్ని స్తిమితపరిచి, ఆ తరవాతే ఆల్కహాల్‌లోకి మార్చాలి. పెళుసు నక్షత్రాన్ని చూపించేదే దాని చేతుల కోసం: లోపల వెన్నుపూసల వంటి ఎముకలు ఒకదానికొకటి అమరి ఉంటాయి, నడక నాళికాపాదాలతో కాక ఆ చేతులను పాములా మెలితిప్పడంతోనే సాగుతుంది. జల్లెడ ఫలకం కూడా సముద్ర నక్షత్రంలో లాగా పై తలంలో కాక నోటి వైపున ఉంటుంది. విరిగిన ముక్కలతో వీటిలో దేన్నీ చెప్పడం కుదరదు. ఈక నక్షత్రం (ఈకల్లాంటి చేతులున్న ఫెదర్ స్టార్) సీసా మాత్రం ఫర్వాలేదు.

మూడో సీసా మీద ‘లోతు సముద్రపు నక్షత్రం, బంగాళాఖాతం’ అని మాత్రమే రాసి ఉంది. నాకు చాలా బాధ కలిగించినది ఇదే. అందులో ఉన్నది, నేను చూసినంతవరకు, లూయిడియా అనే సముద్ర నక్షత్రం. దీనిలో ఐదుకు మించి చేతులుండే జాతులున్నాయి. తీరానికి దగ్గరి ఇసుక, బురద నేలల మీద బతికే ఈ నక్షత్రం మరబోట్ల వలల్లో పడుతుంటుంది. బహుశా చేతులెక్కువగా ఉండటం చూసి లోతు జీవి అనుకుని ఉంటారు. నిజంగా లోతుల్లో ఉండే బ్రిసింగిడ్ నక్షత్రాలకూ చేతులెక్కువే, కానీ వాటి బిళ్ళ చిన్నగా, చేతుల నుంచి స్పష్టంగా విడిగా కనిపిస్తుంది. సన్నని పొడవాటి చేతులను ప్రవాహంలోకి ఎత్తి, కొట్టుకొచ్చే ఆహారాన్ని పట్టుకుంటాయి. లూయిడియా చేతులు పట్టీల్లా చదునుగా ఉండి బిళ్ళలో కలిసిపోతాయి.

పట్టిన చోటు, లోతు, తేదీ లేని నమూనా శాస్త్రానికి పనికిరాదు. 1888 నుంచి 1892 వరకు ‘ఇన్వెస్టిగేటర్’ అనే సముద్ర సర్వే నౌక మీద ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ఇదే బంగాళాఖాతపు లోతుల నుంచి తీసిన నక్షత్రాలను వర్ణించారు. ఆ నౌక సేకరించిన లోతు నీటి పెళుసు నక్షత్రాలను రెనే కోలర్ 1899లో వర్ణించారు. ప్రతి సేకరణకూ స్థలమూ లోతూ రాసిపెట్టినందువల్లనే ఆ నమూనాలకు నేటికీ విలువ ఉంది.

పెట్టెలో సముద్ర దోసకాయ లేకపోవడాన్ని లోపంగా ఎంచకూడదు. వాటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో, చేర్చారు. వాటి బదులు బొమ్మ వాడటమే సరైనది. సీసాల గురించి ఫిర్యాదు చేస్తే సంస్థవారు మర్యాదగా మాట్లాడారు, మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు.

విడిగా అమ్మితే ఎండు నమూనాలు తీసుకోండి. సీసాలకు పెట్టే డబ్బుతో ఆల్కహాల్, మూత బిగుతుగా పట్టే గాజు సీసాలు కొనుక్కోవడం మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది; అది ముగిసి బోట్లు తిరిగి వెళ్ళాక మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం వంటి చోట్ల వలలో చేపలతో పాటు వచ్చి, పారవేసే నక్షత్రాలను అడిగి తెచ్చుకోవచ్చు. సముద్ర దోసకాయలు కనిపిస్తే మాత్రం తీసుకోకుండా నీటిలో వదిలేయమని చెప్పాలి. ఎన్ని బారల లోతులో వల వేశారో పడవ వారినే అడిగి, ఊరు, తేదీతో సహా మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి, ఆ చీటీని సీసా లోపలే వేయండి. సిరాతో రాస్తే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.