"ర్యాలీ రెడీ" అని అమ్ముతున్న పాత ఎస్టీమ్‌లు, సిటీలు: అడ్వాన్స్ కొట్టే ముందు ఇవి చూడండి

ఆటోక్రాస్‌కో (మట్టి మైదానంలో టైము మీద నడిచే పోటీ), చిన్న ర్యాలీకో, ట్రాక్ డేకో (సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పే రోజు) తక్కువ ఖర్చులో ఒక కారు తయారు చేసుకుందామని పాత కార్ల ప్రకటనలు తిరగేస్తున్నవాళ్ల కోసం ఇది. మారుతి ఎస్టీమ్, పాత బలెనో, 1998–2003 నాటి హోండా సిటీ. ఈ మూడింటి మీదా "ర్యాలీ రెడీ", "స్టేజ్ 2", "తొంభై శాతం పని అయిపోయింది, మిగతాది మీరు చూసుకుంటే చాలు" అని రాసి మామూలు కారు ధరకి రెండింతలు, మూడింతలు అడుగుతున్నారు. ఆ మాటలు నమ్మి డబ్బు పంపకండి.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒకాయన అలాగే ఒక తెల్ల ఎస్టీమ్ కొన్నారు. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంది: లోపల రోల్ కేజ్ (బోల్తా పడితే లోపలివాళ్లని కాపాడే పైపుల పంజరం), బకెట్ సీటు (ఒంటిని పట్టి ఉంచే రేసు సీటు), నాలుగు పట్టీల బెల్టు, కిల్ స్విచ్ (కారు కరెంటు మొత్తం ఒక్కసారిగా ఆపే స్విచ్), ఎర్ర రంగేసిన వాల్వ్ కవర్. ర్యాంప్ ఎక్కించాక తేలింది ఏమిటంటే, కేజ్ నీళ్ల పైపుతో చేసింది. స్ప్రింగులు గ్రైండర్‌తో కోసినవి. లోపలున్నది ఎస్టీమ్ ఇంజిన్ కాదు, బలెనో 1.6. ఆర్‌సీలో ఆ సంగతి లేదు, అసలు ఆర్‌సీ గడువే ఎప్పుడో తీరిపోయింది. అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. వీటిలో ముందే కనిపెట్టలేనిది ఒక్కటీ లేదు. ఒక వెర్నియర్ కాలిపర్, జాకీ, కంప్రెషన్ గేజ్, టార్చ్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు కేజ్ సంగతి, ఎందుకంటే ధర పెంచేది అదే, ప్రాణం మీదికి తెచ్చేదీ అదే. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల్లో అపెండిక్స్ జే, ఆర్టికల్ 253 చెప్పేది ఇది: పైపు కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ కార్బన్ స్టీల్ అయి ఉండాలి, టెన్సైల్ స్ట్రెంగ్త్ (లాగితే తెగకుండా తట్టుకునే బలం) చదరపు మిల్లీమీటరుకి కనీసం 350 న్యూటన్లు. డ్రైవర్ వెనక నిలబడే మెయిన్ హూప్ 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదా 50 వ్యాసం, 2 మందం. మిగతా పైపులు 38కి 2.5 లేదా 40కి 2. ఇప్పుడు కాలిపర్ తీసి మెయిన్ హూప్ మీద పెట్టండి. 42.4 అనో 48.3 అనో చూపిస్తే అనుమానించండి. అవి ప్లంబింగ్ పైపుల కొలతలు: ఇంచుంపావు, ఇంచున్నర పైపుకి బయటి వ్యాసం అంతే ఉంటుంది. పైగా అది జింకు పూత వేసిన జీఐ పైపైతే వెల్డింగ్ వేడికి జింకు ఆవిరై అతుకులో బుడగలు మిగులుతాయి. పైన నల్లరంగు కొట్టేశాక అవేవీ కనిపించవు. అతుకు దగ్గర కాస్త రంగు గీకి చూడండి, సూది బెజ్జాల్లాంటి గుంటలు కనిపిస్తాయి. మందం తేలాలంటే పైపుకి 5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి కొలవాలి. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ కేజ్‌కి రూపాయి కూడా విలువ కట్టొద్దు.

పైపు మంచిదైనా పాదాలు మోసం చేస్తాయి. మెయిన్ హూప్, ముందు కాళ్లు దిగే ప్రతి చోటా కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు బాడీకి వెల్డ్ అయి, మూడు ఎం8 బోల్టులు, 8.8 గ్రేడ్‌వి, ఉండాలి. చాలా కార్లలో పైపు మొదలుని నేరుగా ఫ్లోర్ రేకుకి అతికించేస్తున్నారు. ఆ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కారు బోల్తా పడితే పైపు వంగదు, ఫ్లోర్‌ని చీల్చుకుని కిందికి దిగిపోతుంది. కార్పెట్ లేపి, కింద నుంచి టార్చ్ వేసి చూస్తే ప్లేటు ఉందో లేదో ఒక్క క్షణంలో తెలుస్తుంది. హూప్ పైభాగం, రూఫ్ రేకు వైపు, చెయ్యి పెట్టి తడమండి. కేజ్‌ని కారులో నిలబెట్టాక అతికించిన చోట్ల పైవైపు వెల్డింగ్ టార్చ్ అందక అతుకు సగమే పడుతుంది. నిబంధన చుట్టూ పూర్తిగా అడుగుతుంది.

బకెట్ సీటు మీద ఎఫ్‌ఐఏ ప్రమాణం 8855-1999 లేబుల్ ఉంటే తయారైన ఏడాది నుంచి అయిదేళ్లే లెక్క. బెల్టుకి కూడా గడువు సంవత్సరం లేబుల్ మీదే ఉంటుంది. నాలుగు పట్టీల బెల్టు పోటీకి పనికొచ్చే సామాను కాదు. కాళ్ల మధ్య పట్టీ లేకపోతే గుద్దుకున్నప్పుడు మనిషి నడుం పట్టీ కిందికి జారిపోతాడు. "సీటు, బెల్టు కలిపి నలభై వేలు" అని లెక్క చెబితే లేబుల్ ఫొటో అడగండి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

కిల్ స్విచ్ పరీక్ష సులువు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా తిప్పండి, ఇంజిన్ ఆగాలి. రెండు టెర్మినళ్ల చవక స్విచ్ బ్యాటరీని మాత్రమే విడదీస్తుంది, ఆల్టర్నేటర్ మీద ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. కారు మంటల్లో ఉన్నప్పుడు పెట్రోల్ పంపు కూడా తిరుగుతూనే ఉంటుందన్నమాట. పంపు నుంచి ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) వరకు గొట్టాలు కూడా చూడండి. ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) లైన్‌లో రెండున్నర, మూడు బార్ల ఒత్తిడి ఉంటుంది. కార్బురేటర్ కార్ల మామూలు రబ్బరు గొట్టం వేసి స్క్రూ క్లిప్ బిగిస్తే కొన్ని నెలలకి చెమ్మ వస్తుంది.

సస్పెన్షన్. ఎస్టీమ్‌కి నాలుగు మూలలా స్ట్రట్‌లే. కారు కిందికి దిగాలని స్ప్రింగులో చుట్టు, చుట్టున్నర కోసేస్తారు. ఒక్కో చక్రాన్ని జాకీతో పూర్తిగా గాల్లోకి లేపి స్ప్రింగుని చేత్తో తిప్పి చూడండి. తిరిగితే అది కోసిన స్ప్రింగు, గెంతులో తను కూర్చునే చోటు తప్పి పక్కకి దిగుతుంది. ఆటోక్రాస్‌లో గెంతులే కదా ఉండేది! ముందు రెండు చక్రాలూ లేపినప్పుడే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్లు) కూడా తేల్చుకోండి: న్యూట్రల్‌లో ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిక్కున తిరగాలి. రెండూ ఒకే వైపు తిరిగితే అందులో ఎల్‌ఎస్‌డీ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) అయినా ఉండాలి, గేర్లు వెల్డ్ చేసి అయినా ఉండాలి. బిల్లు లేని ఎల్‌ఎస్‌డీ అంటే వెల్డింగ్ అనే అనుకోండి. మట్టిలో ఎలాగో నెట్టుకొస్తుంది, తారు మీద డ్రైవ్ షాఫ్ట్ తినేస్తుంది.

ఇంజిన్ దగ్గర మీరు వచ్చేసరికి వేడిగా ఉంటే మర్నాడు వస్తామని చెప్పి వెనక్కి వెళ్లండి. చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించాలి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్డుకీ మధ్య సీలు) పోయినట్టే. నీళ్లలో గోధుమరంగు తరకలు తేలుతుంటే లీకు ఆపే పొడి పోశారు. ఎస్టీమ్‌లోని జీ13బీబీ ఇంజిన్ బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియమే, ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్డు వంగుతుంది. వంకర హద్దు 0.05 మిల్లీమీటర్లే. తర్వాత లేత్ దగ్గర ఫేసింగ్ (చదును) చేయించి బిగించేస్తారు, రెండోసారి, మూడోసారి కూడా.

కంప్రెషన్: ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి క్రాంక్ చేయాలి. 16 వాల్వుల జీ13బీబీకి కంపెనీ లెక్క చదరపు సెంటీమీటరుకి 14 కేజీలు, కనీసం 12, సిలిండర్ల మధ్య తేడా ఒక కేజీ దాటకూడదు. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు కూడా ఇప్పుడే ధరలోంచి తీసేయండి. 16 వాల్వుల ఎస్టీమ్ 1.3 కంపెనీ నుంచి వచ్చింది 85 బీహెచ్‌పీతో. "120 కొడుతుంది" అంటే కారు నంబరున్న డైనో (శక్తి కొలిచే యంత్రం) కాగితం అడగండి. గేర్‌బాక్స్‌కి ఒకటే పరీక్ష చాలు: నలభై స్పీడులో మూడు నుంచి రెండుకి దించండి. కరకరమంటే రెండో గేర్ సింక్రో (గేర్లు సాఫీగా కలిపే రింగు) అయిపోయింది. ఆటోక్రాస్ ఆడిన కార్లలో ముందు పోయేది అదే.

హోండా సిటీకి ఇవి కాక రెండు జబ్బులు. మెయిన్ రిలేలో (పెట్రోల్ పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్) టంకం పగిలి ఎండలో ఆగిన కారు మళ్లీ స్టార్ట్ కాదు, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా అంతే నమ్మకం లేనిది. వీటెక్ 106 బీహెచ్‌పీ ఇంజిన్ ఇప్పటికీ సరదాగా ఉంటుంది, కానీ బాడీ ప్యానెళ్లు దొరకబుచ్చుకోవడం పెద్ద పని. జిప్సీ గురించి అడగొద్దు, తక్కువ బడ్జెట్ అనే మాటలో అది ఇక ఇమడదు.

తుప్పు, వరద. కోస్తాలో తిరిగిన కార్లకి స్ట్రట్ టవర్ల పైన, బ్యాటరీ ట్రే కింద, జాకీ పెట్టే చోట, లోయర్ ఆర్మ్ బిగించే చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. పుట్టీ పెట్టి రంగేస్తే అయస్కాంతం పట్టదు. కంపెనీ స్పాట్ వెల్డ్ చుక్కలు సమాన దూరంలో ఉంటాయి. టవర్ చుట్టూ గీతలా వెల్డింగ్ కనిపిస్తే ఆ కారు ఒకసారి గుద్దుకుంది. 2020 అక్టోబర్ హైదరాబాద్ వరదలో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరదలో మునిగిన కార్లు ఇంకా చేతులు మారుతున్నాయి. వాటిలో కొన్నిటికి ఇంటీరియర్ పీకేసి "బరువు తగ్గించాం" అంటున్నారు. సీటు బెల్టు చివరిదాకా లాగండి. షోరూం షాంపూ వాష్ అక్కడిదాకా వెళ్లదు, బురద గీత ఉంటే పట్టీ మీదే ఉంటుంది.

కాగితాల దగ్గరే చాలామంది జారిపోతున్నారు. ఎస్టీమ్ తయారీ 2007తో ఆగింది, కాబట్టి ప్రతి ఎస్టీమ్‌కీ పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి. ఆర్‌సీ రెన్యువల్ అయిందా, ఎప్పటిదాకా అన్నది మొదటి ప్రశ్న. ఒకసారికి అయిదేళ్లే ఇస్తారు, అదీ కారు ఫిట్‌నెస్ పాసైతేనే. నీళ్ల పైపు కేజ్, క్యాటలిటిక్ కన్వర్టర్ లేని ఎగ్జాస్ట్ పెట్టుకుని పాసవడం కల్ల. ఇంజిన్ మార్చినా, బాడీ మార్చినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది, ఆర్‌సీలో ఎక్కాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంజిన్ బే వెనక గోడ మీది చాసిస్ నంబర్‌ని తడిగుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోండి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలుంటే వెంటనే బయటికి నడవండి. కోయంబత్తూరు, చెన్నై, బెంగళూరు నుంచి వచ్చే కారైతే ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేయండి. పాత లోన్ ఎంట్రీ ఉంటే అది తీరిందని చూపే ఫామ్ 35 లేకుండా బదిలీ కాదు. "ఎటూ ట్రైలర్ మీదే తీసుకెళ్తారు కదా, ఆర్‌సీ ఎందుకు" అనేవాళ్లున్నారు. అయితే ధర కూడా తుక్కు ధరే ఉండాలి మరి. మామూలు మోటారు పాలసీ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌ని మినహాయిస్తుందన్న సంగతీ గుర్తుంచుకోండి. పోటీలో జరిగే నష్టం పూర్తిగా మీ జేబుదే.

ఇంజిన్ స్వాప్ (వేరే ఇంజిన్ పెట్టడం) వల్ల ఇంకో దెబ్బ ఉంది. పోటీల్లో తరగతులు సాధారణంగా సీసీని బట్టి, మార్పులను బట్టి విడదీస్తారు. ఎస్టీమ్‌లో 1,590 సీసీ బలెనో ఇంజిన్ పెట్టగానే స్టాక్ తరగతి తలుపు మూసుకుంటుంది, మీరు పోటీ పడాల్సింది లక్షలు పోసి ట్యూన్ చేసినవాళ్లతో. కారు చూడకముందే మీరు దిగాలనుకునే ఈవెంట్ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ (ఆ ఈవెంట్ సొంత నిబంధనలు) తెప్పించుకుని చదవండి.

మరి ఏం కొనాలంటే, ఎవరూ ముట్టని స్టాక్ కారు. 2005–2010 మధ్య స్విఫ్ట్ 1.3 పెట్రోల్ (87 బీహెచ్‌పీ), లేదా ఆ తర్వాతి 1.2 కే సిరీస్. పార్టులు ఏ ఆటోనగర్‌లోనైనా దొరుకుతాయి, చక్రాల పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం కొలత) 4x100 కాబట్టి రిమ్ములకీ కొదవ లేదు. ఒకే ఓనరు, సర్వీస్ బిల్లులు, గీతలు పడ్డ బంపర్లు ఉన్న బండి అయితే మరీ మంచిది, బంపర్ ఎలాగూ పోయేదే. చేతిలో ఉన్న మొత్తంలో మూడో వంతు మించి కారుకి పెట్టకండి. మిగతాదాంట్లో ముందు బ్రేకులు (ప్యాడ్లు, డాట్ 4 ఫ్లూయిడ్, కొత్త రబ్బరు హోసులు), తర్వాత టైర్లు, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), సీటు, బెల్టు, హెల్మెట్. ఇంజిన్‌కి మొదటి సీజన్ అంతా ఆయిల్, ప్లగ్గులు తప్ప ఏమీ అక్కర్లేదు.

ఇప్పటికే ఇలాంటిది కొనేసినవాళ్లు ఆ కేజ్‌తో రోడ్డెక్కకండి. హెల్మెట్ లేని తలకి పక్కనే ఉన్న ఇనుప పైపు మామూలు కారు కంటే ప్రమాదం. ముందు కేజ్‌ని పాదాల దగ్గర కోయించి తీసేయండి, బ్యాటరీ, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్లు పీకాకే వెల్డింగ్ మెషీన్ దగ్గరికి తేవాలి. తర్వాత కోసిన స్ప్రింగుల స్థానంలో స్టాక్‌వి, పెట్రోల్ గొట్టాలు కొత్తవి. ఫ్లోర్‌లో పడ్డ రంధ్రాలకి రేకు అతికించి, అండర్‌కోటింగ్ వేసి, స్టాక్ సీటు, మూడు పాయింట్ల బెల్టు తిరిగి బిగించాకే ఫిట్‌నెస్‌కి స్లాట్ బుక్ చేసుకోండి.