చెన్నై క్యాన్సర్ మరణాలను దేనితో పోల్చాలి: దేశ సగటుతోనా, బెంగళూరుతోనా, మన పాత లెక్కతోనా?

మా మేనమామ సూళ్లూరుపేట నుంచి వైద్యం కోసం చెన్నైకి వచ్చి, కోడంబాక్కంలోని మా ఇంట్లో నాలుగు నెలలు ఉండి, ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయనది అన్నవాహిక క్యాన్సర్. మరణ కారణం రాసే నాలుగో నంబరు ఫారంలో (ఎ) వరుసలో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ (గుండె, ఊపిరి ఆగిపోవడం) అని రాశారు. అసలు జబ్బు రాయవలసిన (బి), (సి) వరుసలు ఖాళీగా వదిలేశారు. చిరునామా అడిగినప్పుడు మా బావ తడుముకోకుండా మా ఇంటి చిరునామాయే చెప్పాడు. ఆ ఒక్క కాగితంలో రెండు పొరపాట్లు జరిగాయి. చెన్నైకి చెందని ఒక మరణం చెన్నై ఖాతాలో పడింది. క్యాన్సర్ ఖాతాలో పడవలసిన మరణం అందులోంచి జారిపోయింది. ‘మన ఊళ్లో క్యాన్సర్ చావులు దేశం కంటే ఎక్కువటగా’ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ ఫారమే గుర్తుకు వస్తుంది.

పోలికకు సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. నగరపు రేటును, అంటే ఏటా లక్ష మందికి ఎన్ని మరణాలో ఆ లెక్కను, దేశ సగటు పక్కన పెట్టడం ఒకటి, సాటి నగరం పక్కన పెట్టడం రెండోది, అదే నగరపు పాత రేటు పక్కన పెట్టడం మూడోది. అందరూ ముందు పట్టుకునేది మొదటి దారినే. నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్తగా వాడవలసినదీ అదే.

దేశ సంఖ్య ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లోబోకాన్ పేరిట ఇచ్చే అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా క్యాన్సర్ వచ్చినవారు సుమారు 14.1 లక్షలు, క్యాన్సర్‌తో చనిపోయినవారు సుమారు 9.16 లక్షలు. అంటే వంద కొత్త కేసులకు 65 మరణాలు. మన దేశంలోని 43 క్యాన్సర్ రిజిస్ట్రీల (ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులను, మరణాలను నమోదు చేసే కేంద్రాల) లెక్కలను కలిపి 2025లో వెలువరించిన అధ్యయనం 2024 సంవత్సరానికి 15.6 లక్షల కొత్త కేసులు, 8.74 లక్షల మరణాలు ఉంటాయని అంచనా కట్టింది. ఇక్కడ వందకు 56. అదే అధ్యయనంలో 2015 నుంచి 2019 వరకు ఆ రిజిస్ట్రీలలో నిజంగా నమోదైనవి 7,08,223 కేసులు, 2,06,457 మరణాలు. వందకు 29 మాత్రమే. ఒకే దేశం, ఇంచుమించు ఒకే కాలం, అయినా 65, 56, 29 అని మూడు నిష్పత్తులు వచ్చాయి. వీటిలో ఏదో ఒకటి తప్పని కాదు. మొదటి రెండూ అంచనాలు, మూడోది చేతికి అందిన లెక్క.

కాబట్టి చెన్నైలో పేరుపేరునా నమోదైన మరణాలను దేశపు అంచనా పక్కన పెడితే చెన్నై ఉన్నదానికంటే మెరుగ్గా కనబడుతుంది. మరణాల నమోదు బలహీనంగా ఉన్న చోట్ల లెక్క పక్కన పెడితే అదే చెన్నై ఉన్నదానికంటే అధ్వానంగా కనబడుతుంది. మరణాలను బాగా నమోదు చేసే ఊరికి ఎక్కువ మరణాలు రాసి ఉండడం సహజమే కదా. 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగిలిన మరణాలలో క్యాన్సర్ వాటా ఎంతో ఆ కాగితాలు చెప్పవు.

ఇక వయసు సంగతి. క్యాన్సర్ ప్రధానంగా పెద్ద వయసు జబ్బు. 2011 జనాభా లెక్కల ప్రకారం అరవై దాటినవారు దేశంలో 8.6 శాతం ఉంటే తమిళనాడులో 10.4 శాతం ఉన్నారు. ఈ తేడా ఎంత దూరం తీసుకుపోతుందో ఒక కల్పిత ఉదాహరణతో చూడవచ్చు. లక్ష మంది ఉన్న రెండు ఊళ్లలోనూ అరవై దాటినవారిలో 250 మందికి ఒకరు, మిగిలినవారిలో 4,000 మందికి ఒకరు ఏటా క్యాన్సర్‌తో చనిపోతారనుకుందాం. మొదటి ఊళ్లో పెద్దవాళ్లు 5,000 మంది, రెండో ఊళ్లో 15,000 మంది. మొదటి ఊళ్లో మరణాలు 20, 24 కలిపి 44. రెండో ఊళ్లో 60, 21 కలిపి 81. ఏ వయసులో చూసినా ప్రమాదం రెండు ఊళ్లలోనూ ఒకటే, కాని ముడి రేటు, అంటే వయసుల తేడా పట్టించుకోని రేటు, దాదాపు రెట్టింపు అయింది. అందుకే వయసును సర్దుబాటు చేసిన రేటునే, అంటే రెండు ఊళ్లలోనూ వయసుల వాటాలు ఒకేలా ఉన్నాయనుకుని కట్టిన రేటునే చూడాలంటారు. ఆ సర్దుబాటుకు కొలబద్దగా తీసుకునే వయసుల వాటాల పట్టిక, అంటే ప్రామాణిక జనాభా, రెండు వైపులా ఒకటే కావాలి. మన రిజిస్ట్రీలు 1960లో సెగి అనే జపాన్ పరిశోధకుడు ప్రతిపాదించగా, తరువాత సవరించిన ప్రపంచ ప్రామాణిక జనాభాను వాడతాయి. అమెరికా తన 2000 నాటి సొంత జనాభాను వాడుతుంది. అమెరికాలోని పిల్లలు అక్కడి రేటును వాట్సాప్‌లో పంపితే దాన్ని మన రేటు పక్కన పెట్టి నిట్టూర్చడం వృథా.

రెండో దారి, సాటి నగరంతో పోలిక, ఇంతకంటే నిలకడైనది. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం కింద 1982 జనవరి నుంచి లెక్కలు సేకరిస్తున్న మొదటి మూడు నగరాలు ముంబయి, బెంగళూరు, చెన్నై. చెన్నై రిజిస్ట్రీ డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి కృషితో 1954లో ఆరంభమైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. బెంగళూరుది కిద్వాయ్ క్యాన్సర్ సంస్థలో ఉంది. రెండు రిజిస్ట్రీల నిబంధనా ఒకటే: కనీసం ఏడాదిగా ఆ పరిధిలో కాపురం ఉన్నవారినే లెక్కలోకి తీసుకోవాలి. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే మనవాళ్లతో చెన్నై ఆసుపత్రుల వార్డులు నిండి ఉంటాయి కాబట్టి ఈ ఒక్క నిబంధన లేకపోతే చెన్నై రేటుకు అర్థమే ఉండదు. ఆసుపత్రి లెక్కను ఊరి లెక్కగా చెప్పేవారు మరిచిపోయేది ఇదే. రిజిస్ట్రీ సిబ్బంది కేసులు వాటంతట అవి వస్తాయని కూర్చోరు. ఆసుపత్రులు, ల్యాబులు తిరిగి సేకరిస్తారు, కార్పొరేషన్ మరణాల దస్త్రంలోని పేర్లను తమ దగ్గరున్న రోగుల పేర్లతో సరిచూస్తారు. మరణ పత్రంలో క్యాన్సర్ మాట లేకపోయినా, రోగిగా ముందే నమోదై ఉంటే ఆ మనిషి దొరుకుతాడు. మా మేనమామ దొరికి ఉన్నా, ఏడాది నిబంధన దగ్గర ఆగిపోయి ఉండాలి. అదే న్యాయం కూడా.

బెంగళూరుతో పోలికలోనూ ఒక మెలిక ఉంది. ఉద్యోగాల కోసం వచ్చిన పడుచువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు కాబట్టి ముడి రేటును చూస్తే బెంగళూరు ఊరికే మంచి పేరు కొట్టేస్తుంది. సర్దుబాటు చేసిన తరువాత కూడా మరణాల రేటు కంటే కొత్త కేసుల రేటునే ముందు పోల్చాలని నా అభిప్రాయం. జబ్బు పట్టుబడినప్పుడు బయాప్సీ రిపోర్టు మిగులుతుంది. మనిషి సొంత ఊరికి వెళ్లిపోయి అక్కడ చనిపోతే ఈ నగరంలో ఆ జాడ మిగలదు.

మూడో దారి, నగరాన్ని దాని గతంతోనే పోల్చడం. నేను మొగ్గేది దీనివైపే. పద్ధతి ఒకటే, సంస్థ ఒకటే, నలభై ఏళ్ల వరుస ఉంది. చెన్నైలో 1980లలో స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్నిటికంటే ముందుండేది. దాని రేటు అప్పటితో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ మొదటి స్థానంలో ఉంది. పెళ్లి వయసు పెరగడం, కాన్పులు తగ్గడం, ఇళ్లలో నీళ్లూ శుభ్రతా మెరుగుపడడం ముఖద్వార క్యాన్సర్ తగ్గుదలకు కారణాలుగా చెబుతారు. ఆలస్యపు తొలి కాన్పు, తక్కువ కాన్పులే రొమ్ము క్యాన్సర్‌కు దోహదం చేస్తాయి. రెండూ కలిపిన ‘మొత్తం క్యాన్సర్’ రేటును చూసేవారికి ఈ రెండు ఎదురు ప్రవాహాలూ కనబడవు. అందుకే ఏ పోలికైనా అవయవాల వారీగా విడదీయాలి.

ఇక్కడా పక్కా సరిహద్దు కావాలి. 2011 అక్టోబరులో చెన్నై కార్పొరేషన్ 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగింది. అంబత్తూరు, మాధవరం, షోళింగనల్లూరు నగరంలో కలిశాయి. బెంగళూరు 2007లోనే 110 గ్రామాలను కలుపుకుంది. కొత్త వార్డుల మరణాలను పైన వేసి పాత జనాభాను కింద వేస్తే రేటు ఒక్కసారిగా ఎగురుతుంది. పైగా 2021లో జరగవలసిన జనాభా లెక్కలు జరగలేదు కాబట్టి ఆ తరువాతి రేట్లకు భాజకం, అంటే కింద వేసే జనాభా, అంచనాయే. అరుదైన క్యాన్సర్ల విషయంలో నిరుడు 8 మంది, ఈ ఏడు 12 మంది చనిపోతే యాభై శాతం పెరుగుదల అని రాసేస్తారు. అలాంటి చోట అయిదేళ్లు కలిపి చూడకుండా నోరు విప్పకూడదు.

మరణాల ధోరణిని చదివేటప్పుడు నేను ఒక క్రమం పాటిస్తాను. ముందు కొత్త కేసుల రేటు ఎటు పోతోందో చూస్తాను. తరువాత వంద కేసులకు మరణాలు ఎన్నో చూస్తాను. కేసులు పెరుగుతూ ఈ నిష్పత్తి తగ్గుతుంటే జబ్బు ముందే పట్టుబడుతోందని, వైద్యం అందుతోందని అనుకోవచ్చు, నమోదు సడలలేదని తేలితేనే. కేసుల రేటు కదలకుండా మరణాలు మాత్రం పెరిగితే ముందు అనుమానించవలసింది నమోదు మెరుగుపడిందేమో అని.

మరి దేశ సగటు ఎందుకూ కొరగాదా? రిజిస్ట్రీ లేని జిల్లాకు, లేదా వరుస పొట్టిగా ఉన్న చోటికి అదే దిక్కు. హైదరాబాదు జిల్లా లెక్కలు జాతీయ నివేదికలో 2014 నుంచే ఉన్నాయి. అక్కడి బంధువులు ధోరణి అడిగితే నలభై ఏళ్ల గీత గీసి చూపించలేము. దేశానికి ఎన్ని రేడియేషన్ యంత్రాలు కావాలి, మందుల కొనుగోలుకు ఎంత డబ్బు కావాలి అని లెక్క కట్టేవారికి కూడా 9 లక్షల స్థాయి అంచనా అవసరమే. చెన్నైలోని మా వీధిలో చావులు ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నకు మాత్రం నేను 1982 నుంచి వస్తున్న చెన్నై వరుసనే ముందు తెరుస్తాను, ఆ తరువాత బెంగళూరుది తీస్తాను.