షాంపూ డబ్బా నుంచి కుంకుడుకాయకి: నాలుగేళ్ల తర్వాత

2021 సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే బాత్రూమ్ అటక మీద ఖాళీ షాంపూ డబ్బాలు తొమ్మిది దొరికాయి. అడుగున మిగిలినదాన్ని నీళ్లు కలిపి వాడదామని ఒక్కొక్కటిగా నేనే దాచినవి. ఇంట్లో ఉన్నవి మూడు తలలు, డబ్బాలు చూస్తే ఇన్ని. చెత్తబండి అబ్బాయి ముందు సంచీ విప్పడానికి సిగ్గేసింది. అలా మొదలైంది. ఈ నాలుగేళ్లలో రెండు రకాల షాంపూ సబ్బులు, శీకాయపొడి, వేపదువ్వెన, కుంకుళ్లు అన్నీ అయ్యాయి.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఉంటాం, వాడకానికి బోరు నీళ్లే. కుళాయి మూతి చుట్టూ తెల్లగా సున్నం గడ్డకడుతుంది. గీజర్ విప్పితే లోపలి కాయిల్ ముగ్గురాయిలా ఉంటుంది. ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు అన్నది చివరికి తేల్చింది నా జుట్టు కాదు, ఈ నీళ్లే.

మొదట కొన్నది చేత్తో చేసిన షాంపూ సబ్బు. కొబ్బరినూనె, ఆముదం, కాగితం చుట్ట, ప్లాస్టిక్ లేదు. మొదటి వారం బాగానే ఉంది. మూడో వారానికి జుట్టు జిగటగా అట్టకట్టింది. దువ్వుకుంటే దువ్వెన పళ్ల మధ్య తెల్లగా మైనంలాంటిది చేరేది. అమ్మినవాళ్లని అడిగితే "జుట్టు అలవాటు పడాలండీ, ఆరు వారాలు ఆగండి" అన్నారు. రెండు నెలలు ఆగాను. అలవాటూ లేదు, పాడూ లేదు. నూనెని కాస్టిక్ సోడాతో కలిపి చేసింది ఏదైనా సబ్బే. మా బోరు లాంటి ఉప్పునీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టుకుని తెట్టు కట్టేస్తాయి. బకెట్ గోడకి పట్టే తెట్టే నా నెత్తినా పట్టింది. వెనిగర్ కలిపిన నీళ్లు పోసుకుంటే కొంత వదిలింది కానీ, మా అమ్మాయి "అమ్మా, నీ దగ్గర పచ్చడి వాసనొస్తోంది" అంది. దాంతో అదీ ఆపేశాను.

రెండో రకం కూడా చూడ్డానికి సబ్బు బిళ్లే, కానీ లోపలి సరుకు వేరు. కవరు మీద సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ అని ఉంటే అది ఈ రకం. కాస్టిక్ సోడా, సోడియం హైడ్రాక్సైడ్, సపోనిఫైడ్ అన్న మాటలుంటే మొదటి రకం. కొనేముందు ఈ ఒక్కటీ చూసుకోండి, నాకు పోయిన మూడొందల యాభై మీకు మిగులుతాయి. ఈ రెండోది బోరు నీళ్లలోనూ చక్కగా నురగొచ్చింది, జుట్టు తేలిగ్గా ఉంది. తడి సబ్బుపెట్టెలో వదిలేస్తే మాత్రం రెండు రోజుల్లో హల్వా అయిపోతుంది. ప్రయాణాలకి ఇప్పటికీ ఇదే తీసుకెళ్తాను.

శీకాయపొడి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జుట్టుకి మంచిదే, బాత్రూమ్ తూముకి కాదు. రెండు నెలలకి జాలీ పూడిపోయి ప్లంబర్ని పిలవాల్సొచ్చింది.

ఇక కుంకుళ్లు. చిన్నప్పుడు విజయనగరంలో ఆదివారం వచ్చిందంటే పారిపోయేవాళ్లం. రసం కంట్లో పడి గోల పెడితే అమ్మ నోట్లో ఉప్పుగల్లు వేసేది. ఆ ఉప్పదనానికి మొహం చిట్లించేసరికి మంట మర్చిపోయేవాళ్లం. అలాంటి దాన్ని నలభై దాటాక డబ్బులిచ్చి కొన్నాను. ఎన్ని కాయలు, ఎంతసేపు నానాలి అని ఫోన్ చేస్తే అమ్మ నవ్వాపుకోలేక "ఒసేయ్, కుంకుళ్లు కొట్టడానికి కూడా యూట్యూబ్ చూశావుటే?" అంది. చూశాను మరి.

నడుము దాకా ఉన్న నా జుట్టుకి పన్నెండు కాయలు. మొదట్లో నేనే చిన్న రోకలితో కొట్టి గింజ తీసేదాన్ని. మూడో ఆదివారం కింద ఫ్లాట్ ఆవిడ పైకొచ్చి, "ఏమండీ, పొద్దున్నే ఏం కొడుతున్నారు?" అని అడిగారు. అప్పట్నుంచీ గింజ తీసినవే. రాత్రి వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి, పాత పంచెగుడ్డలో వడగడతాను. గుడ్డ తప్పనిసరి. టీ జల్లెడతో వడగడితే తొక్కముక్కలు జుట్టులో చిక్కుకుని సాయంత్రం దాకా రాలుతూనే ఉంటాయి. మిగిలిన రసం బయట ఉంచితే రెండో రోజుకే పులిసి కంపు కొడుతుంది. ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్లో పెట్టడం మొదలెట్టాక వారం మధ్యలో తలంటుకీ వీలైంది. ఒకసారి మా ఆయన ఆ ముక్కలు రెండు నిమ్మరసంలో వేసుకున్నారు. అది వేరే కథ.

కుంకుళ్లలో నురగ తెచ్చేవి సపోనిన్లు. అవి సబ్బులా సున్నంతో తెట్టు కట్టవు. అందుకే మా నీళ్లకి ఇది సరిపోయింది. కడిగాక జుట్టు షాంపూ పెట్టినంత జారదు. కొంచెం గరుగ్గా, ఒత్తుగా అనిపిస్తుంది, నాకది నచ్చింది. కానీ నూనె దండిగా పెడితే ఒక్క దఫాకి వదలదు. కడగడానికి షాంపూకంటే అర బకెట్ నీళ్లు ఎక్కువే పడతాయి. పర్యావరణం లెక్క వేసేవాళ్లు దాన్నీ వెయ్యాలి.

జుట్టు కొత్తగా మొలిచిందా అంటే లేదు. రాలడం తగ్గిందా అంటే, ఏమో, వయసుతో పాటు రాలేది రాలుతూనే ఉంది. పోయినేడు చుండ్రు పట్టుకుంటే కుంకుడు ఏమీ చెయ్యలేకపోయింది. డాక్టరు కెటొకొనజోల్ షాంపూ రాస్తే నెలలో తగ్గింది. అది ప్లాస్టిక్ డబ్బాలోనే వచ్చింది, నేనేమీ బాధపడలేదు.

వేపదువ్వెన రెండుసార్లు కొన్నాను. తడి జుట్టు దువ్వితే ఉబ్బి పళ్లు విరిగాయి. ఆరిన జుట్టుకైతే బాగుంది.

ఇప్పుడు కుంకుళ్లు మా అమ్మే పంపిస్తోంది, గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొని. విశాఖ కేంద్రంగా 1956 నుంచి ఉన్న సంస్థ అది. మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చిన కుంకుళ్లు, శీకాయ, తేనె కొంటుంది. ఆన్‌లైన్‌లో అందమైన గుడ్డసంచిలో వచ్చిన కాయలకీ వీటికీ నురగలో నాకేం తేడా కనిపించలేదు, ధరలో మాత్రం బాగా కనిపించింది.

అమ్మాయి సెలవుల్లో నాతోపాటు కుంకుడే, కాలేజీ రోజుల్లో రెండో రకం సబ్బు. మా ఆయన ఇంకా షాంపూ పేకెట్ల మీదే ఉన్నారు. ఆ పేకెట్ల దండ బాత్రూమ్‌లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. "2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధించారు కదండీ" అన్నాను ఓ రోజు. "ఆ జాబితాలో ఇయర్‌బడ్ పుల్లలు, స్ట్రాలు ఉన్నాయి, నా పేకెట్లు లేవు" అన్నారు. వెతికి చూశాను. నిజమే, లేవు.