సెయింట్ మార్టిన్‌విల్ అకేడియన్ మెమోరియల్: బంధువులందరినీ తీసుకెళ్లదగ్గ చోటు

మా అల్లుడిది అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న బ్రూసార్డ్‌ల వంశం. ఈసారి వాళ్ల బంధువుల కలయిక ఏర్పాట్లలో సగం నా నెత్తిన పడ్డాయి. అందరినీ మొదట బయూ టెష్ అనే వాగు ఒడ్డునున్న ఈ స్మారక భవనానికే తీసుకెళ్లాం. మంచి పని చేశాం.

1755లో మొదలుపెట్టి బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా నుంచి వెళ్లగొట్టిన అకేడియన్లలో, అంటే అక్కడ స్థిరపడిన ఫ్రెంచ్ సంతతి వాళ్లలో, లూసియానా చేరిన సుమారు 3,000 మంది పేర్లు ఇక్కడి గోడకు కంచు పలకల మీద ఉన్నాయి. మా వియ్యపురాలు కళ్లజోడు సవరించుకుని, బ్రూసార్డ్‌ల వరుస మీద వేలు ఆనించి ఒక్కో పేరూ పైకి చదివింది. వాళ్లలో 1765లో ఒక బృందాన్ని నడిపించుకొచ్చిన జోసెఫ్ బ్రూసార్డ్ పేరు దగ్గర గొంతు పెంచింది కూడా! పెద్ద కుడ్యచిత్రంలోని చాలామందికి ఇప్పటి వారసులే నమూనాలుగా నిలిచారు. పిల్లలు అందులో తమ ముక్కులు వెతుక్కున్నారు.

వృద్ధులను దగ్గర్లోని ఎవాంజెలిన్ ఓక్ అనే పెద్ద చెట్టు నీడలో కూర్చోబెట్టవచ్చు. భోజనం మాత్రం వేరే చోట పెట్టుకున్నాం. వంటవాళ్లు ఆలస్యంగా వచ్చారు, బంగాళాదుంపలు సగమే ఉడికాయి. క్రాఫిష్ (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు) విందు కావాలంటే వసంతంలోనే పెట్టుకోండి, నడివేసవిలో అవి సరిగా దొరకవు.