ఊర్‌బోకెనె నార్వేజియన్ నిఘంటువు: అతుకు దొరుకుతుంది, ఊనిక మనమే పట్టుకోవాలి

బెర్గెన్ విశ్వవిద్యాలయమూ నార్వే భాషా మండలీ కలిసి నడిపే ఈ నిఘంటువులో నార్వేజియన్ రెండు రాత రూపాలు బూక్‌మోల్, నీనొర్ష్క్ ఒకేచోట ఉంటాయి. సైటూ, యాప్ రెండూ ఉచితం. పదరూపాలకూ లింగానికీ ఇంతకంటే నమ్మదగినది అక్కర్లేదు. అర్థాలు నార్వేజియన్‌లోనే ఇస్తారు, కాబట్టి అప్పుడే మొదలుపెట్టినవారికి కష్టం. పెద్ద లోటు ఉచ్చారణ: ఎక్కువ పదాలకు ఇవ్వలేదు, ఆడియో లేదు.

అయినా సమాసాలకు ఇది చాలా పనికొస్తుంది. మెడ గొలుసుకు వాళ్ల మాట ‘హల్స్-హ్యేదె’. రాతలో ఎస్, కె, జె పక్కపక్కనే పడతాయి. ఒకే భాగంలో ఉంటే ఆ మూడూ కలిసి ‘ష’ అవుతాయి. ఇక్కడ ఎస్ ‘మెడ’ది, మిగతా రెండూ ‘గొలుసు’వి. తప్పుగా విరిస్తే వచ్చే ‘షేదె’కు ఒర అని అర్థం!

పదం దొరక్కపోతే కంగారు పడొద్దు, నార్వేజియన్‌లో సమాసాలు అప్పటికప్పుడు పుడుతుంటాయి. చివరి భాగం ముందు నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే ఆ తోకతో ముగిసే పదాలన్నీ వస్తాయి. రెండు ముక్కలూ విడివిడిగా దొరికితే అతుకు అక్కడే. మధ్యలో అతికించే ఎస్ ముందు భాగానికే చెందుతుంది: యజమాని ‘అర్బైడ్స్-యీవెర్’. అతుకు తర్వాతి జి అక్షరం ‘ఇ’ ముందుంది కాబట్టి ‘య’గా పలుకుతుంది.

రాత్రి రైలు ‘నట్-తోగ్’లో మూడు ‘టి’ అక్షరాలు కలవాలి, రాసేది రెండే. పంక్తి చివర విరిస్తే మూడోది తిరిగొస్తుంది. నోట్సులో ‘నత్తోగ్’ అని ద్విత్వంగా రాసుకుంటే అతుకు కనబడదు, అడ్డగీత పెట్టుకోండి.

ఊనిక, అంటే నొక్కి పలకడం, సమాసంలో మొదటి భాగం మీద పడుతుంది, మొదటి అక్షరం మీద అని కాదు. అరటిపండు ‘బనాన్’లో ఊనిక ‘నాన్’ మీదే కదా, అరటి తొక్క ‘బనాన్‌స్కల్’లోనూ అక్కడే. రెండో భాగానికి తేలిక ఊనిక ఉంటుంది, దాని దీర్ఘం మాత్రం తరగదు. అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలికే తెలుగు నోటికి ఇదే అసలు సాధన. ఊరిపేర్లను ఈ సూత్రంతో పలకొద్దు: క్రిస్తియన్‌సాన్‌లో ఊనిక చివర.

పక్కనే నార్వేజియన్ అకాడమీ నిఘంటువు తెరిచి ఉంచుకోండి. చాలా పదాలకు ఉచ్చారణ అందులో ఉంది, అదీ ఉచితమే.